మా కౌంటర్లు మళ్లీ నడిపించిన అన్నకు కృతజ్ఞతలు

సోమవారం పొద్దున్నే మా మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ ఆగిపోతే, తన ఆఫీసు పని పక్కన పెట్టి ఫోన్‌లోనే దగ్గరుండి సరిచేయించిన డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునే నిపుణుడు) అన్నకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆయన చెప్పినవి మాత్రం రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తాయి.

కరెంటు పోయి సర్వర్ రీస్టార్ట్ అయింది. సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ బాగానే తెరుచుకుంటోంది, కౌంటర్లలో మాత్రం ఎర్రర్. బయట మెడికల్ షాపుల కుర్రాళ్లు వరసలో నిలబడ్డారు, లోపల మాకు టెన్షన్. ఎవరిని అడిగినా ఒకటే సలహా: పాస్‌వర్డ్ రీసెట్ చేసేయండి.

అన్న ఒప్పుకోలేదు. "ముందు ఎర్రర్ చివరిదాకా చదువు తమ్ముడూ" అన్నారు. చివర్లో 26 అని ఉంది, అంటే కౌంటర్‌కు సర్వర్ ఎక్కడుందో దొరకలేదని. "నువ్వింకా ఇల్లే కనుక్కోలేదు, తాళంచెవి గొడవెందుకు?" అని నవ్వారు.

మా బిల్లింగ్ లెక్కలన్నీ దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, అదీ సొంత పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేసినది (పేరున్న ఇన్‌స్టన్స్). అది ఏ పోర్టులో (కనెక్షన్లు వచ్చే తలుపు నంబర్) ఉందో కౌంటర్లకు చెప్పేది ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీసు, యూడీపీ 1434 మీద. సిస్టమ్ స్పీడ్ పెంచుతానని ఆ మధ్య వచ్చినాయన దాన్ని డిసేబుల్ చేసి వెళ్లాడట! దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టి స్టార్ట్ చేయించారు. అంతటితో వదల్లేదు. పోర్టు మారకుండా ఒకేచోట ఉండేలా, ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ డైనమిక్ పోర్ట్స్ గడి ఖాళీ చేయించి, టీసీపీ పోర్ట్ దగ్గర 1433 వేయించి, సర్వీసు రీస్టార్ట్ చేయించి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరిపించారు. ఇక కౌంటర్ సెట్టింగ్స్‌లో సర్వర్ పేరు తర్వాత 1433 అని రాస్తే ఆ బ్రౌజర్ సర్వీసుతో పని లేదు. మధ్యలో పెట్టాల్సింది కోలన్ కాదు, కామా.

కౌంటర్లన్నీ లేచాయి, ఒక్కటి తప్ప. అందులో 18456, లాగిన్ ఫెయిల్డ్. ఇప్పుడైనా పాస్‌వర్డ్ మార్చుదామని మా ఓనర్ గారు. "మారిస్తే నడుస్తున్నవి కూడా ఆగిపోతాయి సార్" అని అన్న ఆపారు. ఈ ఎర్రర్‌కు కారణం చెప్పే నంబర్‌ను స్టేట్ అంటారు; కౌంటర్ తెరమీద ఎప్పుడూ స్టేట్ 1 అనే కనిపిస్తుందట, అసలు కారణం బయటివాళ్లకు తెలియకూడదని. నిజం సర్వర్‌లోని ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. స్టేట్ 5 అయితే ఆ లాగిన్ పేరే లేదు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు, 58 అయితే సర్వర్ విండోస్ లాగిన్లను మాత్రమే రానిస్తోంది. మాది 38. అంటే అడిగిన డేటాబేస్ తెరుచుకోలేదు. చూస్తే ఆ కౌంటర్ సెట్టింగ్స్‌లో పోయిన ఆర్థిక సంవత్సరం డేటాబేస్ పేరు ఉంది. దాన్ని సర్వర్ నుంచి ఎప్పుడో తీసేశారు. పాస్‌వర్డ్‌కు ఏ పాపం తెలియదు.

ఫీజు మాటెత్తితే అన్న వినిపించుకోలేదు. గోడౌన్‌లో వాడకుండా పడున్న సిస్టమ్ కూడా ఒకసారి చూసుకోమన్నారు. చూశాం, అందులోనూ అదే పాత పేరు. మార్చేశాం. థాంక్స్ అన్నా.