వేలిముద్ర ఎవరిది?

సంపాదకుల వారికి,

హైస్కూలు పిల్లలకు వైద్య నీతి చెప్పమంటే చాలాచోట్ల వక్తృత్వ పోటీ పెట్టి ముగిస్తున్నారు. పోటీ అన్నాక గెలిచే మాట కోసం వెతుకుతారు, రోగి పక్కకు పోతాడు. బడికి ఏటా వచ్చే నులిపురుగుల మాత్రతో మొదలుపెడితే సరి. ఆల్బెండజోల్ 400 మి.గ్రా., నమిలి మింగాలి. ఆ రోజు ఒంట్లో బాగాలేని పిల్లలకు వేయకూడదు. వరుసలో నిలబెట్టి గబగబా వేసుకుంటూ పోతే 'జ్వరం ఉందా?' అనే ప్రశ్న ఎగిరిపోతుంది. అడగడం కూడా వైద్యంలో భాగమేనని పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

తర్వాత సమ్మతి. ఆదోని, కోసిగి పల్లెల్లో అమ్మానాన్నలు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోతే పిల్లలు అవ్వ దగ్గరే. సమ్మతి కాగితం మీద వేలిముద్ర ఆమెదే. అందులో ఏముందో ఎవరైనా చదివి చెప్పారా? తెలుగులోనా, కన్నడంలోనా? 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను అధ్యయనంలో భాగంగా వేసినప్పుడు, చాలా పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తప్పుబట్టింది. అవ్వ వేలిముద్ర కాగితాన్నీ, వార్డెన్ సంతకం కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఇక్కడ సార్లే తికమకపడేది ఒకటుంది. మామూలుగా చికిత్సకు 18 నిండేదాకా పెద్దల సమ్మతి కావాలి. పరిశోధన అయితే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్దల సంతకంతో పాటు 7-12 ఏళ్ల పిల్లల నోటిమాట, ఆపైన 18 దాకా రాతపూర్వక అంగీకారం ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్ల వద్దనవచ్చు. ఈ ముక్క వినగానే తరగతి నిద్ర లేస్తుంది.

పీరియడ్‌కు ఒక్క ఉదంతం చాలు, ఆరు వాక్యాలు మించొద్దు. మొదటి పది నిమిషాలు ఎవరికి వారు రాసుకోవాలి: ఎవరికేం తెలుసు, నష్టం ఎవరికి, నిర్ణయించిందెవరు. ఆ తర్వాతే అయిదుగురేసి మాట్లాడుకోవాలి. చేతులెత్తమంటే సారు ముఖం చూసి ఎత్తుతారు. సొంత ఊరి ఉదంతం మాత్రం వద్దు. పేరు మార్చినా అది ఎవరింటి సంగతో వెనక బెంచీకి తెలిసిపోతుంది. గోప్యత గురించి చెబుతూ గోప్యత చెడగొట్టినట్టే.

మాత్రలు పంచే వారానికి ముందు జీవశాస్త్రానికి రెండు పీరియడ్లు అదనంగా ఇచ్చి, ఒకదానికి ఏఎన్ఎంను పిలిపించాలని విద్యాశాఖను కోరుతున్నాం.

– ఇద్దరు జీవశాస్త్ర ఉపాధ్యాయులు, ఆదోని, కర్నూలు జిల్లా