సోమవారం నుంచి మన ఈత కొత్త పూల్‌లో

అందరికీ నమస్కారం. పటమట పూల్‌లో మన పెద్దల బ్యాచ్ ఈ శనివారంతో ఆఖరు. సోమవారం నుంచి కానూరు దాటాక ఉన్న పూల్‌కి వెళ్తున్నాం. లొకేషన్ గ్రూపులో పెట్టాను. "అద్దె కట్టలేదట కదా మాస్టారూ, ఖాళీ చేయించారట కదా" అని కొందరు అడిగారు కాబట్టి ఇది రాయాల్సి వచ్చింది. అద్దె ఎప్పుడూ ఒకటో తారీఖునే కట్టాను. రసీదులున్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నన్నెవరూ ఖాళీ చేయించలేదు. నేనే వచ్చేశాను.

మన జట్టులో ఒకాయన జైపూర్ కాలు (కృత్రిమ కాలు) విప్పి, గట్టు మీద తువ్వాలు కప్పి పెట్టి నీళ్లలోకి దిగుతారు. ఇంకొక అమ్మకి చేతుల మీద, మెడ మీద బొల్లి మచ్చలున్నాయి. వీళ్లిద్దరి గురించి మేనేజ్‌మెంట్‌కి ఫిర్యాదు వెళ్లింది. "మిగతా మెంబర్లు ఇబ్బందిగా ఫీలవుతున్నారండీ. వాళ్లిద్దర్నీ మధ్యాహ్నం రెండింటికి రమ్మనండి, ఫీజు తగ్గిస్తాం" అన్నారు నాతో. విజయవాడలో, మధ్యాహ్నం రెండింటికి! ఆ వేళప్పుడు ఆ గట్టు మీద వట్టి కాళ్లతో నాలుగడుగులు వేసి చూపించమన్నాను. నవ్వి ఊరుకున్నారు.

బొల్లి అంటుకునేది కాదు. ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడటం వల్ల వస్తుంది. తాకితే రాదు, ఒకే నీళ్లలో ఈదితే రాదు. డాక్టరు గారి చేత ఇదే రాయించి ఇచ్చాను. చదివి, "మాకు తెలుసండీ, చూసేవాళ్లకి బాగోదు కదా" అన్నారు. తెలియక అన్నా సర్దుకునేవాణ్ణి. తెలిసీ అన్నారు, అక్కడే ఒళ్లు మండింది.

నిజంగా పూల్‌లో జబ్బు తెచ్చేదేమిటో చెప్తాను. విరేచనాలు పట్టుకున్న మనిషి నీళ్లలోకి దిగడం. క్రిప్టోస్పోరీడియం అనే క్రిమి ఒకటుంది, మామూలు మోతాదు క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి చావదు. ఇక కళ్లు మండితే అందరూ క్లోరిన్ ఎక్కువేశారంటారు. చాలాసార్లు కారణం చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అనే, కళ్లు మండించే రసాయనాలు తయారవడం. తలకి కొబ్బరినూనె పట్టించి, షవర్ వైపు కూడా చూడకుండా దూకేవాళ్ల మీద నేనూ ఒక ఫిర్యాదు ఇచ్చాను. దాని సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

వదిలేసి రావడం తేలిగ్గా జరగలేదు. అది 25 మీటర్ల పూల్, పైన కప్పు ఉంది, మీలో సగం మంది నడిచే వస్తారు. దూరమైతే ఎంతమంది మానేస్తారో లెక్కేసుకుంటూ నిద్ర లేకుండా పడుకున్నాను. మా ఆవిడ, "రెండు బ్యాచ్‌లు చెయ్యండి, రెండోదానికి స్పెషల్ బ్యాచ్ అని పేరు పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు" అంది. బ్యాచ్‌లో ఉన్న లాయర్ గారు, 2016 వికలాంగుల హక్కుల చట్టం వివక్షని ఒప్పుకోదు, నోటీసు ఇద్దాం అన్నారు. గెలిచేవాళ్లమే అనుకుంటాను. గెలిచి, రోజూ తెల్లారగానే అదే మేనేజర్ మొహం చూస్తూ నీళ్లలోకి దిగాలా? ఎటూ తేలక నలుగుతుంటే, జైపూర్ కాలు పెట్టుకునే ఆయనే ఫోన్ చేశారు. "నా మూలంగా ఇంతమందికి ఇబ్బంది ఎందుకు మాస్టారూ, మధ్యాహ్నమే వస్తాలెండి" అన్నారు. ఆయన చేత ఆ మాట అనిపించిన చోట ఇంక ఉండబుద్ధి కాలేదు. మర్నాడే ఖాళీ చేస్తున్నానని చెప్పేశాను. "వారం తిరక్కుండా వెనక్కి వస్తాడు చూడు" అని మేనేజర్ నా వెనకాల అన్నాడట. రాను.

అసలీ జట్టు మొదలైందే పూల్ మెట్లెక్కడానికి మొహమాటపడేవాళ్లతో. చిన్నప్పుడు నడుముకి బెండ్లు కట్టుకుని కాలవలో ఈదినవాళ్లు, ఆడపిల్లకి ఈతెందుకని ఇంట్లో ఆపేస్తే యాభై దాటాక వచ్చినవాళ్లు. చూపు లేని తమ్ముడు గోడ దగ్గరికి వస్తుంటే, కర్ర చివర టెన్నిస్ బంతి గుచ్చి భుజం మీద తడతాం. పారా పోటీల్లోనూ ఇలా తట్టే మనిషి ఉంటారు, మనం కొత్తగా కనిపెట్టిందేం కాదు. పెద్దల పోటీల్లో రిలే అయితే నలుగురి వయసులూ కూడి విభాగం కడతారు: 160 నుంచి 199, 200 నుంచి 239, అలా పైకి. మన రిటైర్డ్ లెక్చరర్ గారి 66 ఏళ్లు కలిస్తేనే మన నలుగురూ 200 దాటారు. ఆయన వచ్చాక ఇంట్లో మనవడితో కూడా ఇదే చెప్పుకుంటున్నారట.

కొత్త పూల్ 20 మీటర్లే. కిలోమీటరుకి 40 లెంగ్త్‌ల బదులు 50 కొట్టాలి, టర్నింగులు ఎక్కువ, గొణుక్కునేవాళ్లు గొణుక్కోండి. పైన కప్పు లేదు. ఉరిమితే అందరూ బయటికి రావాల్సిందే, నేను పిలిచేదాకా ఆగొద్దు. పాతచోట నిలువు నిచ్చెన ఉండేది, ఇక్కడ మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరు నీళ్లకి అన్ని మిల్లీగ్రాములు), పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఆ రీడింగ్ రోజూ బోర్డు మీద నేనే రాస్తాను. సరిగ్గా లేని రోజు ఎవర్నీ దింపను. బట్టలు ఒళ్లు కప్పేలా ఎంత పొడుగైనా వేసుకోండి, నైలాన్‌వి అయితే చాలు. నూలువి నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, పోగులు ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి.

టైమూ ఫీజూ మారలేదు. దూరం కుదరనివాళ్లకి మిగిలిన డబ్బు వెనక్కిస్తాను, కారణం చెప్పక్కర్లేదు. కొత్తగా చేరాలనుకునేవాళ్లు ఈత రాకపోయినా రండి, మూడడుగుల లోతులో నీళ్లలోకి ఊపిరి వదలడంతో మొదలెడతాం. పాత లాకర్లలోని గాగుల్స్, టోపీలు శనివారంలోగా తెచ్చేసుకోండి. వాచ్‌మన్‌తో ఎవరూ గొడవ పడొద్దు, పాపం అతనేం చేస్తాడు.

ఫిర్యాదు చేసినవాళ్లెవరో నాకు తెలుసు. వాళ్లు వస్తానన్నా చేర్చుకుంటాను. షవర్ చేసి దిగాలి.