కన్సల్టెంట్లకు పన్ను లెక్క ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

ప్రైవేటు ఆసుపత్రులు యువ వైద్యులను ఉద్యోగులుగా కాక, ఫీజుకు పనిచేసే కన్సల్టెంట్లుగా తీసుకోవడం మామూలైపోయింది. నియామక పత్రంలో ఆ ఒక్క మాటతో పీఎఫ్, గ్రాట్యుటీ పోతాయి, పన్ను లెక్క మొత్తం మారిపోతుంది. విడమరచి చెప్పే నాథుడే లేడు.

మా మేనకోడలు దంతవైద్యురాలు. నెలకు 60,000 రూపాయల ఫీజులో 10 శాతం టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పోగా 54,000 చేతికొస్తుంది. ‘పన్ను కట్టేశారు కదా’ అని రిటర్ను (ఏడాది ఆదాయం, పన్ను లెక్కలతో పన్ను శాఖకు ఇచ్చే పత్రం) ఊసే ఎత్తలేదు. నిజానికి 2025-26 ఆదాయానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44 ఏడీఏ సెక్షన్ కింద వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్ల వంటివారు ఏడాది వసూళ్లు 50 లక్షలు దాటనప్పుడు అందులో సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. ఆమె 7.20 లక్షల్లో సగం 3.60 లక్షలు. వేరే ఆదాయం లేదు. 2025-26కు కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. అంటే ఏడాదిలో కోసిన 72,000 రూపాయలూ ఆమెవే! రిటర్ను వేస్తేనే అవి వెనక్కి వస్తాయి.

ఈ సెక్షన్ కిందే ఎక్కువ సంపాదించేవారికి మరో చిక్కు. టీడీఎస్ చాలనప్పుడు మిగతాది మార్చి 15లోగా ముందస్తు పన్నుగా కట్టకపోతే వడ్డీ పడుతుంది.

ఈ వివరాలను ఆసుపత్రులు చేర్చుకునే రోజే రాసివ్వాలి. ఆదాయపు పన్ను శాఖ కూడా హౌస్ సర్జన్లకు కళాశాలల్లోనే ఒక పూట అవగాహన తరగతి పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు