లేజర్ అంటే ఏ లేజర్?

సంపాదకులకు,

'లేజర్‌తో నొప్పి లేని పంటి వైద్యం' అన్న ప్రకటనలు ఈమధ్య తరచూ కనిపిస్తున్నాయి. అబద్ధమని అనలేం గానీ, ఏ లేజరో చెప్పనిదే ఆ మాటకు అర్థం లేదు.

క్లినిక్కుల్లో ఎక్కువగా ఉండేది డయోడ్ లేజర్, 810 నుంచి 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (కాంతి అల పొడవు) గలది. దాని కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్, చిగుళ్ల నలుపుకు కారణమైన మెలనిన్ బాగా పీల్చుకుంటాయి. అందుకే చిగురు కోయడానికి, రక్తం ఆపడానికి పనికొస్తుంది. పన్ను తొలవడానికి పనికిరాదు. పిప్పి తీసేది 2940 నానోమీటర్ల ఎర్బియం లేజర్. పంటిలోని నీరు ఆ కాంతిని పీల్చి, చటుక్కున ఆవిరై, గట్టి పదార్థాన్ని రేణువులుగా ఎగరగొడుతుంది. పిప్పిలో తేమ ఎక్కువ కాబట్టి ముందు రాలేది అదే. పైపైన ఉన్న పిప్పికి చాలాసార్లు మత్తు సూది అక్కర్లేదు, లోతైన దానికి కావాలి. పాత వెండి ఫిల్లింగు తీయాలంటే మాత్రం మళ్లీ ఎయిరోటరే (గాలితో తిరిగే మామూలు డ్రిల్లు).

ఎర్బియంకు నీటి జల్లు ప్రాణం. అది ఆగితే పన్ను మాడుతుంది, వేడి లోపలి గుజ్జుకు, అంటే నరాలు, రక్తనాళాలు ఉండే భాగానికి పాకుతుంది. 1965లో అచ్చయిన ప్రయోగంలో, కోతుల పళ్లలో గుజ్జు వేడి 5.5 సెల్సియస్ డిగ్రీలు పెరిగేసరికి 15 శాతం పళ్లు కోలుకోలేదు.

డయోడ్‌తో జరిగే పొరపాటు వేరు. చిగురు కోసే ముందు, కాంతిని మోసే సన్నని గాజు తీగ (ఫైబర్) కొసను కార్కు ముక్కకో, కొరుకు చూసే నీలి కాగితానికో ఆనించి, లేజర్ వేసి నల్లబరచాలి. అప్పుడు వేడి కొస దగ్గరే నిలిచి చిగురు తెగుతుంది. ఈ పని మరిస్తే కాంతి లోపలికి దూసుకుపోతుంది, పైన మాత్రం ఏమీ తెగదు. తెగడం లేదని ఒక వాట్ దగ్గర ఉన్న శక్తిని మూడు వాట్లకు పెంచారా, కింది ఎముక కాలొచ్చు. కొసకు అంటిన మసిని తడిగుడ్డతో తుడుస్తూ, తేలిగ్గా గీస్తూ పోవాలి. పొగను సక్షన్ గొట్టం పక్కనే ఉండి లాగాలి.

పళ్లు తెల్లబరిచే 'లేజర్ తెలుపు' సంగతి సరేసరి: చాలాచోట్ల వెలిగేది నీలి ఎల్ఈడీ దీపం, పని చేసేది పెరాక్సైడ్ జెల్.

లేజర్ నుంచి కళ్లను కాపాడే అద్దాల విషయం ఎవరూ అడగరు. ఎర్బియంకు సరిపడే రంగులేని ప్లాస్టిక్ అద్దం డయోడ్ కాంతిని రెటీనా దాకా వదిలేస్తుంది, పైగా ఆ కాంతి కంటికి కనిపించదు. రోగికి ఇచ్చిన కళ్లద్దాల మీద అచ్చయిన నానోమీటర్ల అంకెల్లోకి యంత్రం మీది అంకె రాకపోతే, లేజర్ వేయించుకోవద్దు.

— కొందరు దంతవైద్యులు