రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ: ఈ వించ్ బండితో పాటే పుట్టింది

గౌరవనీయ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

అయ్యా, అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి ఈ ఉత్తరాన్ని నలుగురి ముందూ పెడుతున్నాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపినవాటికి అందినట్టు చీటీలు తిరిగొచ్చాయి, జవాబులు రాలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదును 'పరిష్కరించడమైనది' అని మూసేశారు. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. నా పాత మిలిటరీ ట్రక్కు మాత్రం, ముందర వించ్ (బరువులు లాగడానికి కేబుల్ చుట్టిన డ్రమ్ము) ఉందన్న కారణంగా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) లేకుండా షెడ్డులోనే పడి ఉంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గురించి, బంపర్ ముందు బిగించే క్రాష్ గార్డుల మీద 2017 డిసెంబరులో రాష్ట్రాలకు వెళ్లిన లేఖ గురించి, బండ్ల మార్పులపై 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటిని నేను తప్పుపట్టడం లేదు కూడా. కొత్త కారు కొని, ముందర ఇనప గొట్టాలు బిగించి, ఎదుటివాడి కాళ్లు విరిచేవాళ్లను ఆపాల్సిందే. నా బాధల్లా ఒక్కటే. ఆ గొట్టాలనూ, ఫ్యాక్టరీ నుంచే వించ్‌తో, దానికి తగ్గ బంపర్‌తో బయటికొచ్చిన ఒక పాత మిలిటరీ ట్రక్కునూ ఒకే గాటన కట్టేశారు.

నాది అమెరికన్ కంపెనీ డాడ్జ్ చేసిన వెపన్స్ క్యారియర్ అనే మిలిటరీ ట్రక్కు, ముప్పావు టన్ను బండి. రెండో ప్రపంచ యుద్ధంలో వీటిని రెండు రకాలుగా తయారు చేశారు. వించ్ లేనిది డబ్ల్యూసీ-51, వించ్ ఉన్నది డబ్ల్యూసీ-52. మొదటి రకం 1,23,541 బండ్లు, రెండో రకం 59,114 బండ్లు చేశారు. వించ్ బండికి ఛాసిస్ ఛానళ్లే (బండి కింద పొడవునా ఉండే ఉక్కు దూలాలు) ముందు వైపు ఎక్కువ పొడవు ఉంటాయి. వించ్ లేని బండి 4.24 మీటర్లయితే వించ్ బండి 4.47 మీటర్లు. తేడా జానెడు. రేడియేటర్‌కూ బంపర్‌కూ మధ్య ఉన్న ఆ జానెడు జాగా కోసమే నేనిన్నాళ్లూ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నాను.

నా బండి వించ్ రకమే. మిలిటరీ వేలంలో అమ్ముడై, చేతులు మారి మారి, ఎప్పుడో ఒక యజమాని చేతిలో సరుకు తోలే బండి అయింది. ఆయనకు వించ్‌తో పనిలేదు. దాన్ని విప్పి తుక్కుకు అమ్మేశాడు. బంపర్ పోయింది, ఇంజన్ శక్తిని వించ్‌కు అందించే పీటీఓ షాఫ్ట్ పోయింది, క్యాబిన్‌లో లివర్ కూడా పోయింది. ఆ ఖాళీలో ఒక రేకు అడ్డంగా పెట్టి వెల్డింగ్ కొట్టించాడు. నేను కొన్నప్పుడు బండి మొహం అలా ఉంది. కానీ ఛానళ్లు అవే, వాటి మీద ఫ్యాక్టరీ వేసిన బోల్టు రంధ్రాలూ అవే.

శిథిలమైపోయిన ఇంకో క్యారియర్ నుంచి అసలైన వించ్, బంపర్, షాఫ్ట్ సంపాదించాను. చైన్ బ్లాక్‌తో పైకి లేపి ఛానళ్ల మధ్యకు దించితే, బోల్టులు వాటి రంధ్రాల్లోకి అవే దిగాయి. ఒక్క కొత్త రంధ్రం వేయలేదు. ఒక్క చోట వెల్డింగ్ పెట్టలేదు. నిజానికి ఆ పాత యజమాని కొట్టించిన వెల్డింగ్‌ను గ్రైండర్‌తో తీయించాను. ఆ రోజు మెకానిక్, నేను బండి ముందు నిలబడి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాం. దశాబ్దాల తర్వాత బండి తన అసలు రూపంలోకి వచ్చిందన్న సంతోషం అది.

ఎఫ్‌సీకి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు దూరం నుంచే చూసి "ఎక్స్‌ట్రా ఫిటింగ్, తీసేసి రండి" అన్నారు. బానెట్ ఎత్తలేదు. కిందికి వంగి చూడలేదు. ఈ బండ్ల మెయింటెనెన్స్ మాన్యువల్ టీఎం 9-808 ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని వెళ్లాను. వించ్‌ను ఎలా వాడాలో, ఎలా విప్పాలో, ఎలా బిగించాలో అందులో బొమ్మలతో సహా ఉంది. కంపెనీ ఇవ్వని వస్తువు గురించి మాన్యువల్లో పాఠం ఎందుకుంటుంది సార్ అని అడిగాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు. ఇలాంటి బండిని ఎలా చూడాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సెక్షన్ 52 ఏమంటోంది? బండి తయారీదారు మొదట్లో ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా మార్పు చేయకూడదంటోంది. నా బండికి తయారీదారు ఇచ్చినది వించ్‌తోనే. దాన్ని పీకేసినవాడిది మార్పు. తిరిగి బిగించిన నాది మార్పెలా అవుతుంది?

ఇంకో మాట కూడా వచ్చింది. "అయితే ఛానళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి కాబట్టి వాటిని గ్యాస్ కటింగ్‌తో కోయించి, మామూలు బంపర్ పెట్టించండి" అన్నారు. అయ్యా, ఛాసిస్‌ను కోయమని నాకు చెప్పింది చట్టాన్ని అమలు చేసే ఆఫీసు. ఛాసిస్ ముట్టుకోవడమే అన్నిటికంటే పెద్ద మార్పు కదా? పోనీ కోయకుండా వించ్, బంపర్ మాత్రమే విప్పేద్దామా? అప్పుడు రెండు ఉక్కు ఛానళ్ల కొసలు మనిషి తొడ ఎత్తులో, ఏ అడ్డూ లేకుండా రోడ్డు మీదికి చూస్తూ ఉంటాయి. సైకిల్ మీద వెళ్లే పిల్లవాడికి ఏది ప్రమాదం? ఆ రెండు కొసలనూ కలుపుతూ అడ్డంగా ఉండే వెడల్పాటి బంపరా, లేక అది తీసేశాక మిగిలే మొనలా? భద్రత కోసం పెట్టిన నియమమే ఇక్కడ బండిని ఇంకా ప్రమాదకరంగా తయారు చేస్తోంది.

వించ్ ప్రమాదమని కొందరు అధికారులు అంటున్నారు కాబట్టి దాని గురించి కొంచెం చెప్పనివ్వండి. దీన్ని నడిపేది బ్యాటరీ కాదు. గేర్‌బాక్స్ పక్కనున్న పీటీఓ నుంచి ఒక షాఫ్ట్ ముందుకు వచ్చి వించ్ గేర్లను తిప్పుతుంది. డ్రైవర్ కావాలని లివర్ వేస్తే తప్ప అది కదలదు. రోడ్డు మీద వెళ్తున్నప్పుడు అదొక మొద్దు ఇనుము, అంతే. దాని సామర్థ్యం 7,500 పౌండ్లు, అంటే దాదాపు 3,400 కిలోలు. అంతకు మించి లాగితే ఏమవుతుందన్నది కూడా అప్పట్లోనే ఆలోచించారు. షాఫ్ట్ కప్లింగ్‌లో వేలెడంత కూడా లేని ఒక మెత్తటి ఇనుప పిన్ను ఉంటుంది. లోడు హద్దు దాటితే ముందు ఆ షియర్ పిన్ తెగిపోతుంది, షాఫ్ట్ ఒంటరిగా తిరుగుతుంది, గేర్లకూ కేబుల్‌కూ ఏమీ కాదు. దాని బదులు గట్టి బోల్టు పెట్టేవాళ్లున్నారు, అది మహా ప్రమాదం. మీ ఇన్‌స్పెక్టర్లు అలాంటివి పట్టుకుంటే నేనే దండం పెడతాను. నా బండిలో సరైన పిన్నే ఉంది, విప్పి చూపిస్తానన్నా చూసే నాథుడు లేడు.

ఇక అసలు గోడు. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు చూసి మాలాంటివాళ్లం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. యాభై ఏళ్లు దాటిన బండి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో మార్పులు ఉండకూడదు, 20,000 రూపాయల ఫీజు కట్టాలి, 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, రోజువారీ పనులకూ వ్యాపారానికీ వాడకూడదు. అన్నీ న్యాయమైన షరతులే. కానీ నిర్వచనం దగ్గరికొచ్చేసరికి ద్విచక్ర వాహనాలు, ఎం-1 తరగతి వాహనాలు అని రాశారు. ఎం-1 అంటే మనుషులు ఎక్కే కార్లు. సరుకు మోసే బండి ఎన్-తరగతి. అంటే ఎనభై ఏళ్లు దాటిన ఈ ట్రక్కు వింటేజ్ కాదు. దీని ఆర్‌సీలో గూడ్స్ వెహికల్ అని ఉండటమే కారణం.

దీనివల్ల జరుగుతున్నది చూడండి. వింటేజ్ కింద తీసుకోండి అని ఒక కౌంటర్‌కు వెళ్తే "ట్రక్కులకు లేదు, అయినా బండి అసలు రూపంలో ఉంటేనే కదా" అంటారు. సరే మామూలు ఎఫ్‌సీ ఇవ్వండి అని పక్క కౌంటర్‌కు వెళ్తే "అసలు రూపం తీసేసి రండి" అంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వించ్ ఉంచితే ఎఫ్‌సీ లేదు. తీసేస్తే, రేపు మీరు దయతలచి ట్రక్కులను కూడా వింటేజ్‌లో చేర్చిన రోజున, ఈ బండి అసలు రూపంలో లేదని కొట్టేస్తారు. నన్నేం చేయమంటారు?

పైగా బరువు గొడవ. ఆర్‌సీలో ఉన్న ఖాళీ బండి బరువు, వించ్ లేని రోజుల్లో రాసింది. ఇప్పుడు కాటా వేయిస్తే ఎక్కువ వస్తుంది. తయారీదారు లెక్క ప్రకారం ఆర్‌సీని సరిచేయండి అని కాగితం పెట్టుకుంటే, తయారీ కంపెనీ నుంచి లెటర్ తెమ్మన్నారు. యుద్ధకాలంలో సముద్రం అవతల తయారైన బండికి ఈ రోజు ఏ కంపెనీ, ఏ డీలరు లెటర్ ఇస్తాడు సార్?

"ఇన్‌స్పెక్షన్ రోజున విప్పేసి, ఎఫ్‌సీ అయ్యాక మళ్లీ బిగించుకోరాదూ" అని చాలామంది చెవిలో చెప్పారు. ఆఫీసు లోపలివాళ్లే చెప్పారు. నేను చేయను. దొంగచాటుగా చేయాల్సిన పనేమీ నేను చేయలేదు. నిజాయితీగా చూపించినవాడు నష్టపోయి, దాచినవాడు హాయిగా తిరిగే పద్ధతి మీకు కూడా ఇష్టం ఉండదనే నమ్ముతున్నాను.

ఇది నా ఒక్కడి సమస్య కూడా కాదు. జబల్‌పూర్‌లో 1959 నుంచి తయారైన శక్తిమాన్ ట్రక్కులు మన సైన్యాన్ని మోశాయి. తొలినాళ్ల బండ్లకు యాభై ఏళ్లు ఎప్పుడో దాటాయి. అక్కడే తయారైన నిస్సాన్ వన్ టన్ ట్రక్కులు కూడా ఇదే దారిలో ఉన్నాయి. వీటిని కూడా వేలంలో కొని, ఉన్న ఒక్కో భాగాన్నీ కాపాడుకుంటూ వస్తున్న మనుషులున్నారు. వాళ్లూ ఎఫ్‌సీ టెన్షన్‌తో ఒక హుక్కు తీసేస్తున్నారు, ఒక బ్రాకెట్ కోసేస్తున్నారు, ఒక బంపర్ మార్చేస్తున్నారు. అవి మళ్లీ దొరకవు. తుక్కు కొట్టుకు పోయిన వించ్ కరిగి ఇంకేదో అయిపోతుంది. తర్వాత మీరు ఎంత మంచి జీవో ఇచ్చినా అది వెనక్కి రాదు. అందుకే ఇంత తొందరపడుతున్నాను, ఇంత గట్టిగా అడుగుతున్నాను.

షరతులు పెట్టండి, కాదనను. రోడ్డు మీద వెళ్లేటప్పుడు హుక్కు వేలాడకూడదు అనండి, కట్టేస్తాను. కేబుల్ తీసేసి నడపమనండి, తీసేస్తాను. ఏటా షియర్ పిన్ చూపించమనండి, చూపిస్తాను. కొత్తగా బయట కొని తగిలించిన వించ్‌కు ఈ వెసులుబాటు ఇవ్వకండి, అది న్యాయమే. కానీ ఛాసిస్‌లోనే చోటుతో, మాన్యువల్‌లో పేజీలతో పుట్టిన వించ్‌నూ బంపర్‌నూ క్రాష్ గార్డు అనవద్దని ఒక్క సర్క్యులర్ ఇప్పించండి. యాభై ఏళ్లు దాటిన మిలిటరీ ట్రక్కులను, వ్యాపారానికి వాడబోమని రాసిచ్చినవాటిని, వింటేజ్ నిర్వచనంలో చేర్చండి. కంపెనీ లెటర్ దొరకని బండ్లకు మాన్యువల్‌ను ఆధారంగా తీసుకోమనండి. అంతవరకూ నా బండి ఛాసిస్‌ను కోయమని మాత్రం చెప్పించకండి.

ఎప్పుడు రమ్మంటే అప్పుడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి బండిని లారీ మీద ఎక్కించుకుని నా ఖర్చుతో తెస్తాను. మీరు నమ్మే ఒక ఇంజనీరును పంపండి. ఆయన కిందికి వంగి ఆ బోల్టు రంధ్రాలను చూసి, అవి ఫ్యాక్టరీవి కావని రాసిస్తే నేనే దగ్గరుండి వించ్ విప్పిస్తాను. ఫ్యాక్టరీవే అని రాసిస్తే నాకు ఎఫ్‌సీ ఇప్పించండి. ఈసారైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పాత మిలిటరీ ట్రక్కు యజమాని