ఎడారి కోనలో వేడినీటి బుగ్గలు: తిరుగుదారి లెక్క

సంపాదకులకు,

అయ్యా,

అమెరికా ఎడారి కోనల్లోని వేడినీటి బుగ్గల్లో మన పిల్లలు దిగిన ఫొటోలు ఈ మధ్య మా ఉదయగిరి వంటి ఊళ్లలో కూడా ఏదో ఒక ఇంటి ఫోనులో కనబడుతున్నాయి. ఆదివారం సంచికల్లో అటువంటి చోట్ల మీద యాత్రా వ్యాసాలూ వస్తున్నాయి. వాటిలో వెళ్లే దారి ఉంటుంది, నీటి రంగు ఉంటుంది, బండల అందం ఉంటుంది. తిరిగి వచ్చే దారి మాత్రం ఉండదు. ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి నేను. ఆ ఎడారిని కళ్లారా చూసినవాణ్ణి కాకపోయినా, ఇంట్లో వచ్చిన ఒక అవసరం వల్ల ఆ కోన పటం ముందు పెట్టుకుని కొన్ని వారాలు కూర్చోవలసి వచ్చింది. అప్పుడు తెలిసిన సంగతులు మీ పాఠకులకు, ముఖ్యంగా పిల్లలు అక్కడ ఉన్న తల్లిదండ్రులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతనూ నలుగురు స్నేహితులూ కలిసి హూవర్ ఆనకట్టకు దిగువన నెవాడా వైపున్న గోల్డ్‌స్ట్రైక్ కోనకు వెళ్లాలనుకున్నారు. కొలరాడో నది దాకా దిగే ఆ ఇరుకు కోనలో అగ్నిశిలల పగుళ్ల గుండా లోతుకు ఇంకిన నీరు అక్కడి భూతాపానికి కాగి, మళ్లీ పైకి వచ్చి బుగ్గలుగా ఊరుతుంది. వాళ్లు ఎంచుకున్నది మే నెలాఖరు. సోమవారం సెలవు కలిసి వచ్చి మూడు రోజులు దొరుకుతాయన్నది వాళ్ల లెక్క. మనకు రోహిణి కార్తె ప్రవేశించేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఈ సంగతి తెలిసి మా చెల్లెలు వద్దని చెప్పమని నాకు ఫోను చేసింది. వద్దంటే మానే వయసు కాదు కాబట్టి, ఎలా వెళతారో కాగితం మీద రాసి పంపమని అడిగాను. వచ్చిన కాగితంలో కారు ప్రయాణం ఉంది, భోజనం ఉంది, ఫొటోలకు సమయం కూడా ఉంది. నడకకు ఒక్క వాక్యం ఉంది. మైళ్లు చూస్తే తక్కువే మామయ్యా, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తాం అన్నాడు.

మొదట తేలిన సంగతి, ఆ దారి ఆ రోజుల్లో అసలు తెరిచే ఉండదు. హూవర్ ఆనకట్ట జలాశయమైన లేక్ మీడ్ పరిధిలోని ఆ ప్రాంతాన్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్, గోల్డ్‌స్ట్రైక్ దారినీ, నదికి అవతలి గట్టున అరిజోనా వైపున్న బుగ్గల దారినీ ఏటా మే 15 నుంచి సెప్టెంబరు 30 వరకు మూసివేస్తుంది. కారణం ఎండ. బృందంలో ఒకరు, దారి మూసినట్టు పెట్టే బోర్డును ఎవరూ పట్టించుకోరని, తెల్లవారకముందే దిగిపోతే సరిపోతుందని అన్నారట. పట్టుకునేవాళ్లు ఉన్నారా లేరా అన్నది కాదు ఇక్కడ విషయం. మూసిన దారిలో వెనుక వచ్చే మరో బృందం ఉండదు; కాలు మడతపడి కూర్చుండిపోతే అటుగా వచ్చి చూసే మనిషే ఉండడు.

మా మేనల్లుడు అడిగిన మరో ప్రశ్న ఆలోచించదగినది. నెల్లూరు ఎండల్లో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లం, మాకు ఆ ఎండొక లెక్కా అన్నాడు. డిగ్రీలు ఇంచుమించు ఒకటే కావచ్చు, గాలి ఒకటి కాదు. మన కోస్తాలో చెమట కారుతుంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, ఎంత నీరు పోయిందో ఒళ్లే చెబుతుంది. ఆ కోన ఉన్న మొజావే ఎడారిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చెమట చర్మం మీద కనబడకముందే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, నీరు మాత్రం పోతూనే ఉంటుంది. మన ఎండల్లో నేర్చిన అంచనా అక్కడ అక్కరకు రాకపోగా, లేని ధైర్యం ఇస్తుంది. మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు వెంట ఉండాలని అక్కడివాళ్లు చెప్పడం ఇందుకే. ఆ నీళ్లు కూడా ఉప్పు లేకుండా వట్టివే గటగటా తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు, అయోమయం మొదలవుతాయి. చూసేవాళ్లకు అది వడదెబ్బలాగే కనిపించి, మరిన్ని నీళ్లు తాగిస్తారు. ఉప్పు వేసిన మజ్జిగ ఎందుకు తాగుతామో మన పెద్దలకు తెలుసు. అక్కడ ఓఆర్ఎస్ పొట్లాలో, ఉప్పుగల తినుబండారాలో ఆ పని చేస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉదయగిరి దుర్గం ఎక్కేవాడు అలసిపోతే వెనక్కి తిరుగుతాడు, ఆ తరువాత కొండే అతన్ని దింపుతుంది. బడి పిల్లలను ఎన్నోసార్లు ఆ కొండ ఎక్కించిన నాకు, సగంలో కూలబడిన పిల్లవాణ్ణి ఇంటికి చేర్చడం ఎప్పుడూ పెద్ద పని కాలేదు. కోనలో వరుస తలకిందులు. ఒంట్లో శక్తి, సంచిలో నీళ్లు, చల్లని పొద్దు అన్నీ ఉన్నప్పుడు దిగుతాం. మూడూ తరిగిపోయాక ఎక్కాలి. దిగేటప్పుడు కష్టం తెలియదు కాబట్టి ఎక్కడ ఆగాలో కూడా తెలియదు. అరిజోనాలోనే ఉన్న గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద కోనలో, దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోమని అక్కడి సిబ్బంది చెబుతారు. అది చక్కగా తీర్చిన బాట గురించి చెప్పిన మాట. గోల్డ్‌స్ట్రైక్‌లో అటువంటి బాట కాదు సరికదా, చాలా చోట్ల ఇంటిగది అంత బండల మధ్య చేతులూ కాళ్లూ ఆనించి పాకవలసి ఉంటుంది. వాన వచ్చినప్పుడు మాత్రమే జలపాతమై దూకే నున్నటి రాతి అంచుల దగ్గర తాళ్లు వేలాడుతూ ఉంటాయి. ఎవరు ఎప్పుడు కట్టారో తెలియని ఆ తాళ్లు ఎండకు ఎండి లోపల పీచు చివికిపోయి ఉండవచ్చు. దిగేటప్పుడు కూర్చుని జారితే దిగిపోయే బండ, తిరిగి వచ్చేటప్పుడు గోడ అవుతుంది. కనుక మొదటి తాడు దగ్గరే ఒక్కొక్కరూ దిగి, తాడు ముట్టకుండా మళ్లీ పైకి ఎక్కి చూపించాలని, ఐదుగురిలో ఒక్కరు ఎక్కలేకపోయినా ఆ రోజుకు బుగ్గల ఆశ వదులుకుని అందరూ వెనుదిరగాలని మా మేనల్లుడి చేత రాయించాను. అరిజోనా వైపు దారి రానూపోనూ సుమారు ఆరు మైళ్లే అయినా, అక్కడ కూడా బుగ్గల దగ్గర ఇరవై అడుగుల నిచ్చెన ఉంది. తడికాళ్లతో దాన్ని ఎక్కడం అందరికీ చేతనైన పని కాదు.

ప్రయాణం నవంబరుకు మారింది. దానితో ఎండ భయం తగ్గింది కానీ పొద్దు చిన్నదైంది. నవంబరు చివరలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, నిటారు గోడల నడుమ అంతకంటే చాలా ముందే చీకటి కమ్ముతుంది. పైగా ఆ రుతువులో నెవాడా గడియారం అరిజోనా గడియారం కంటే ఒక గంట వెనుక ఉంటుంది, రెండు రాష్ట్రాలకూ నదే సరిహద్దు. ఫోను ఏ గట్టు టవరును పట్టుకుంటే ఆ గట్టు సమయం చూపిస్తుంది, కోన లోపల అయితే టవరే అందదు. ఫీనిక్స్ నుంచి వెళ్లేవాళ్లు చేతికి గడియారం పెట్టుకుని, దాన్ని ఒకే సమయానికి ఉంచుకోవడం మంచిది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, చీకటిలో తాడు వెతుక్కునేవాడికి గంట తేడా చిన్నది కాదు.

వాన గురించి కూడా ఒక మాట. లాస్ వేగాస్ పరిసరాల్లో ఏడాదంతా కురిసే వాన ఇంచుమించు నూరు మిల్లీమీటర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మన జిల్లాలో ఒక్క రోజులో కురిసేంత. అయినా అక్కడ కోనల్లో వరదలు మనుషులను ఊడ్చుకుపోతాయి. నీటిని తాగడానికి మట్టి లేదు, వేళ్లు లేవు, ఉన్నదంతా రాయి. పైన ఎక్కడో మబ్బు కరిగితే, నెత్తిన నీలాకాశం ఉన్న చోటికి వరద గోడలా వస్తుంది. వెలికొండల మీద వాన పడితే చినుకైనా రాలని ఊరి పక్క వాగు పొంగడం చూసిన మన మెట్ట ప్రాంతపువాళ్లకు ఇది కొత్త కాదు. వాతావరణ సమాచారం చూసేటప్పుడు కోన ఉన్న చోటునే కాక, ఆ కోనలోకి నీరు దించే పైనేలనంతా చూడాలి.

బుగ్గల దగ్గరకు చేరాక వచ్చే ప్రమాదం మన అలవాటులోనే ఉంది. అది వేడినీటి తీర్థమనుకున్న మా చెల్లెలు, బదరీనాథ్ తప్తకుండాన్ని తలచుకుని, మూడు మునకలు వేసి రా నాయనా అని కొడుక్కి చెప్పింది. ఆ బుగ్గల్లో తల ముంచకూడదు. వెచ్చని మంచినీటిలో బతికే నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరితే ప్రాణం దక్కడం అరుదు. 2024లో కేరళలో పిల్లలు చనిపోయినప్పుడు మన పత్రికలన్నీ రాసింది దీని గురించే. నీటిని ముక్కులోకి పోనివ్వకుండా మెడ వరకే కూర్చుంటే ఆ భయం ఉండదు. అయితే ఎక్కువసేపు కూర్చోవడమూ మంచిది కాదు. నడిచి కాగిన ఒళ్లు చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది, వేడినీటిలో ఆ వీలు ఉండదు. రక్తనాళాలు విచ్చుకుని రక్తపోటు పడిపోవడంతో లేవగానే కళ్లు తిరుగుతాయి, ముందున్నదేమో ఎక్కుడు. చల్లబడదామని పక్కనే ఉన్న నదిలోకి దూకితే అది మరో ముప్పు. హూవర్ ఆనకట్ట అడుగు లోతుల నుంచి వచ్చే ఆ నీరు ఏడాది పొడవునా పన్నెండు, పదమూడు డిగ్రీల చలి నీరు. ఒక్కసారిగా అందులో పడితే ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత వచ్చినవాడికి కూడా చేతులు ఆడవు.

నాదొక విన్నపం. ఇటువంటి చోటు గురించి వ్యాసం వేసినప్పుడు, ఆ దారి ఏ తేదీల్లో మూసి ఉంటుందో, ఎక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో, వెంట ఎన్ని నీళ్లు ఉండాలో ఫొటో కిందనే నాలుగు వాక్యాలు వేయించండి. రాసేవారు తిరుగు ప్రయాణం గురించి ఒక పేరా కూడా రాయకపోతే, అడిగి రాయించండి. తల్లిదండ్రులు కూడా, జాగ్రత్త నాయనా అని ఊరుకోకుండా, ఏ దారిన దిగుతున్నారో, కారు ఎక్కడ నిలుపుతారో, ఎన్నింటికి పైకి వచ్చి ఫోను చేస్తారో అడిగి రాసుకోవాలి. ఆ గంట దాటినా ఫోను రాకపోతే అమెరికా అత్యవసర నంబరు 911కు చెప్పవలసిన మనిషి ఇక్కడ కాదు, అక్కడే ఉండాలి. ఇక్కడి నుంచి ఆ నంబరు కలవదు.

మా మేనల్లుడు తిరగరాసిన కాగితం నా బల్ల మీద ఉంది. నెవాడా సమయం ప్రకారం ఉదయం ఏడింటికి దిగడం, ఎక్కడ ఉన్నా, బుగ్గలు కనుచూపు మేరలో ఉన్నా సరే, పదకొండింటికి వెనుదిరగడం అని అందులో ఉంది. ఆ రెండో పంక్తిని నేను ఎర్ర సిరాతో గీశాను. ఐదుగురిలో ఇద్దరు ఇంకా పన్నెండు చేయమని అడుగుతున్నారట.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా.