మూతివాపు రోగాన్ని ముందే పట్టుకునే ఏర్పాటు చేయండి

తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

అయ్యా,

మా ఇంట్లో మూడు తరాలుగా జీవాలే జీవనాధారం. వానలు తగ్గుముఖం పట్టి, గుంటల చుట్టూ బురద నిలిచే అక్టోబరు, నవంబరు నెలల్లో మా మందలకు సోకే నీలినాలుక వ్యాధి గురించి ఈ లేఖ రాస్తున్నాను. మా వాళ్లు దీన్ని మూతివాపు అంటారు; నాలుక నీలంగా మారడం అరుదు గానీ, పెదవులు, మొహం ఉబ్బి, చొంగ కారుస్తూ, గిట్టల పై అంచు ఎర్రబడి కుంటే గొర్రెను మా పిల్లలు సైతం గుర్తుపడతారు.

కొన్నేళ్ల కిందట మా మంద కుంటడం మొదలైనప్పుడు అందరూ గాలికుంటు అనుకున్నారు. నాలుగో రోజున రక్తం తీశారు. అదీ గడ్డకట్టకుండా ఆపే మందు లేని గొట్టంలో, మంచుపెట్టె లేకుండా, బస్సులో నగరానికి పంపారు. ఏ రోగమో చెప్పే కాగితం ఈనాటికీ మాకు చేరలేదు. ఆ సంవత్సరం పదకొండు గొర్రెలను పూడ్చిపెట్టాం.

పేరు తేలకపోతే ఏమవుతుందో మీకు విన్నవించాలి. మూతివాపు వైరస్ ఒక జీవం నుంచి మరొక జీవానికి తాకిడి వల్ల సాధారణంగా సోకదు. క్యులికాయిడ్స్ అనే, కంటికి ఆనీ ఆనని నుసుములు కుట్టడం వల్ల సోకుతుంది. తాకిడితో అంటుకునే పారుడు రోగమో గాలికుంటో అయితే జబ్బు జీవాన్ని వేరు చేయడం ముఖ్యం. ఇది మూతివాపైతే, మందను సాయంత్రం లోపే గుంట గట్టు నుంచి ఎత్తైన పొడి నేలకు తరలించడం, నుసుములు పుట్టే పేడ, బురద తీసేయడం ముఖ్యం. పైగా ఈ వైరస్‌లో ఇరవై నాలుగుకు పైగా రకాలున్నాయి. మన దేశంలో తయారవుతున్న టీకాలో ఉన్నవి 1, 2, 10, 16, 23 అనే ఐదు రకాలే. ఒక రకానికి వేసిన టీకా మరో రకం నుంచి పూర్తిగా కాపాడదు కాబట్టి, ఏ మండలంలో ఏ రకం తిరుగుతోందో తెలియకుండా టీకా మీద నమ్మకం పెట్టుకోవడం మా వంటి వారికి కష్టం.

పరీక్ష లేకపోలేదు. ఎలీసా పరీక్ష, వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలను చూపుతుంది. ఆర్‌టీ-పీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. అయితే ఆ జన్యుపదార్థం జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి రక్తంలో కనిపించగలదు కనుక, జ్వరం ఉన్న తొలి రోజుల్లోనే తీసిన రక్తం విలువైనది. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే మందున్న గొట్టంలో తీసి, మంచులా గట్టిపడనివ్వకుండా మంచు మీద చల్లగా ఉంచి పంపాలి. ప్రతి మండల పశువైద్యశాలలో ఈ గొట్టాలు, ఒక మంచుపెట్టె, ప్రయోగశాలకు చేర్చే వాహనం ఉండాలని కోరుతున్నాను. ఫలితం, వైరస్ రకంతో సహా, డాక్టరు గారికే కాక కాపరి ఫోనుకూ చేరాలి.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. మేకలు, ఆవులు ఈ వైరస్‌ను చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండానే మోస్తాయి. జబ్బు పడేది గొర్రెలు. అంటే గొర్రె మూతి వాచేనాటికి నుసుములు ఊరంతా వైరస్‌ను పంచి ఉంటాయి. కాబట్టి ఆగస్టు నుంచే గుర్తించిన గ్రామాల్లో, అంతకు ముందు సోకని కొన్ని మేకల, దూడల రక్తాన్ని పదిహేను రోజులకోసారి పరీక్షిస్తే, గొర్రెలు పడిపోకముందే హెచ్చరిక అందుతుంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. చేయగల శాస్త్రవేత్తలు మన దగ్గరే ఉన్నారు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదే, దాదాపు ఒక కోటీ తొంభై లక్షలు. ఇన్ని జీవాలున్న చోట ఈ నిఘాకు అయ్యే ఖర్చు భారమని నేను అనుకోను.

గిట్టల అంచు ఎర్రబడటాన్ని మొదట చూసేది కాపరే కనుక, అతని ఫోను అందిన రోజే నమూనా తీయాలన్న ఆదేశం మీ శాఖ నుంచి వెలువడాలి. నిఘాకు మా ఊరిని ఎంచుకుంటే, మా మేకలను పరీక్షకు పట్టి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఒక గొర్రెల పెంపకందారు